యానాం గుడారం, ఫ్రాన్సు వాన

నేను ఒక గుడారాన్ని. పుట్టింది కాకినాడలో, పెళ్ళిళ్ళకు షామియానాలు కుట్టే ఖాదర్ చేతుల్లో. అతను అంతకుముందు గుడారమన్నది కుట్టి ఎరగడు. రత్నావళి కాగితం మీద గీసి చూపిస్తే, "ఆయ్, అలాగేనమ్మా" అని ముదురాకుపచ్చ కాన్వాసు కత్తిరించాడు గానీ, చేతికున్న అలవాటు ఊరుకుంటుందా? నా అంచు చుట్టూ ఎరుపూ పసుపూ కుచ్చుల జాలరు వేలాడదీశాడు. దాంతో నన్ను అడవిలో నిలబెట్టినా అక్కడేదో ఓణీల ఫంక్షన్ జరుగుతున్నట్టే ఉంటుంది.

రత్నావళి యానాంలో ఒక పెద్ద కుటుంబానికి పెద్ద కోడలు. అత్తమామలు, మరుదులు, తోడికోడళ్ళు, వాళ్ళ పిల్లలు, వచ్చేపోయే చుట్టాలు. అందరూ మంచివాళ్ళే. అందుకే పాపం ఎవరి మీదా విసుక్కోవడానికి కూడా వీల్లేదు. ఆమె కోరిక ఒక్కటే. తనూ, భర్త భానుమూర్తీ, కూతురు హిమజా, ముగ్గురంటే ముగ్గురే, పొద్దున్న లేచి పదిమందికి కాఫీ కలపక్కర్లేని చోట ఒక్క రాత్రి పడుకోవాలి. అందుకే నన్ను కుట్టించింది. నా కోరికా అదే అయింది. మనుషులు పడుకోని గుడారం ఎందుకు చెప్పండి, కందులు ఎండబెట్టుకోవడానికి తప్ప!

భానుమూర్తి ఉత్తముడు. వంక పెట్టాలంటే ఒక్కటే, మొహమాటం. ఎవరైనా రమ్మంటే రానని చెప్పడం ఆయనకు చేతకాదు.

మొదటిసారి నన్ను మారేడుమిల్లి దగ్గర వాగు ఒడ్డున వేశారు. మేకులు దిగ్గొట్టకముందే ఊరంతా వచ్చి నిలబడింది. "తమరు ఎవరి తాలూకండీ?" "కొంపలుండగా ఇదేం కర్మండీ?" "పిల్లదాన్ని పెట్టుకుని పురుగూ పుట్రా తిరిగే చోట పడుకుంటారా?" ఒక పెద్దాయనైతే, "మీరిక్కడ పడుకుంటే మా ఊరి పరువేం గానండీ?" అని నిలదీశాడు. భానుమూర్తి "అబ్బే, వద్దండీ" అన్నాడు. మనవైపు మొదటిసారి వద్దంటే ఎవరు లెక్కచేస్తారు? పెద్దాయన మళ్ళీ అడిగాడు. భానుమూర్తి నవ్వాడు. మూడోసారి అడిగాడు. భానుమూర్తి చెప్పులేసుకున్నాడు.

ఆ సాయంత్రం రత్నావళి ఆ ఇంటి వంటింట్లో, "మీరు కూర్చోండమ్మా" అంటున్నా వినకుండా, వాళ్ళ కోడలితో పాటు వంకాయలు తరిగిందట. మర్నాడు కారులో చెప్పుకుంటుంటే విన్నాను. నాలో ఒక ఊరకుక్క పడుకుంది. దాన్ని తక్కువ చెయ్యను, బుద్ధిగానే పడుకుంది.

లంబసింగిలో కాఫీ తోట వాళ్ళు తీసుకుపోయారు. ఉప్పాడ దగ్గర చేపల వేటకు వెళ్ళే కుటుంబమొకటి, ఇంట్లో ఉన్న ఒక్క మంచం వీళ్ళకిచ్చి తాము అరుగు మీద పడుకుంది. అంత ఆదరణ ముందు ఫిర్యాదు చేస్తే కళ్ళు పోతాయి. కానీ తిరిగొస్తుంటే రత్నావళికి కళ్ళనీళ్ళు ఆగలేదు.

"వెళ్దామా అని ఒక్కసారి నన్నడగొచ్చు కదండీ?"

"రానంటే వాళ్ళేవనుకుంటారు రత్నా?"

"మరి నేనేవనుకుంటానో?"

భానుమూర్తి రోడ్డు కేసి చూస్తూ కారు నడిపాడు.

ఆయన చెల్లెలు సుశీలను ఇచ్చింది యానాంలోనే ఫ్రెంచి పౌరసత్వం ఉన్న ఇంటికి. వాళ్ళు ఫ్రాన్సులో స్థిరపడ్డారు. ఒక వేసవిలో వీళ్ళను రమ్మని పిలిచింది. ఆవకాయ జాడీకీ కందిపొడికీ మధ్య మడతపడి నేనూ విమానం ఎక్కాను. సుశీల భర్త మమ్మల్ని ఒక నది పక్కన గుడారాలు వేసుకునే మైదానంలో దింపి, నాలుగు రోజుల్లో వచ్చి తీసుకెళ్తానని వెళ్ళిపోయాడు.

అబ్బ, ఏం పద్ధతి! ప్రతి గుడారానికీ ఒక నంబరు, చుట్టూ నడుమెత్తు మొక్కల కంచె. ఎవరి హద్దులో వాళ్ళు. "బోంజూర్" అంటారు, తలూపుతారు, పోతారు. ఎవరి తాలూకా అని అడిగిన నాథుడు లేడు. నా జాలరు చూసి కూడా ఎవరూ ఆగలేదంటే నాకే కాస్త చిన్నతనమనిపించింది. రత్నావళి మాత్రం గడ్డి మీద కాళ్ళు చాపుకుని, పుట్టింటికి వచ్చినదానిలా కూర్చుంది.

పక్కన కారవాన్‌లో, అంటే చక్రాల మీది చిన్న ఇంట్లో, కొలెత్ అనే పెద్దావిడ ఉంది. కంచె మీదుగా ఫ్లాస్కు చూపించి కాఫీ తాగుతారా అని అడిగింది. భానుమూర్తికి ప్రాణం లేచొచ్చింది. అయినా అలవాటు కొద్దీ, వద్దు థాంక్సని, "నో నో, మెర్సీ" అన్నాడు. ఆవిడ తలూపి, మూత బిగించి, లోపలికి వెళ్ళిపోయింది. ఆయన గ్లాసు పట్టుకుని కంచె దగ్గరే నిలబడ్డాడు.

"మళ్ళీ అడుగుతుందంటావా?"

"అడగదు నాన్నా. నువ్వు వద్దన్నావుగా," అంది హిమజ. తను బళ్ళో ఫ్రెంచి చదువుకుంది.

రత్నావళి నవ్వాపుకోలేక నా లోపలికొచ్చి తలగడలో మొహం దాచుకుంది.

ఆ సాయంత్రమే, ఇంకా వెలుతురుండగానే, మబ్బు పట్టి వాన దంచింది. ఖాదర్ జాలరు కుట్టిన చోటల్లా సూది బెజ్జాలు. వాటిలోంచి నేను కారడం మొదలుపెట్టాను. తీరా మనుషులు నాలో పడుకోబోతున్న రోజున ఈ అప్రతిష్ఠ! సిగ్గుతో చచ్చిపోయాను.

కొలెత్ గొడుగు వేసుకుని వచ్చింది. తన కారవాన్‌లో చోటుంది, రమ్మంది. భానుమూర్తి అప్పటికే ఒక కాలికి చెప్పు తొడిగాడు.

"పద పద. అంత పెద్దావిడ వానలో వచ్చి పిలిస్తే వెళ్ళకపోతే ఏం బాగుంటుంది?"

రత్నావళి కదల్లేదు. "మీరెళ్ళండి. పాపని తీసుకెళ్ళండి. నేను రాను."

"తడిసిపోతావు రత్నా."

"తడుస్తాను. ఇంట్లో నాకు ఏ లోటూ లేదండీ. కానీ నోరు తెరిచి నేనడిగింది ఈ ఒక్క రాత్రే. ఎవరు పిలిచినా వాళ్ళ కోసం లేచారు. నాకోసం ఒక్కసారి కూర్చోలేరా?"

భానుమూర్తి సగం బయటా సగం లోపలా ఉండిపోయాడు. వీపు తడుస్తోంది. చివరికి చేతులు జోడించి కొలెత్‌తో "నో, మెర్సీ" అన్నాడు. ఆవిడ నవ్వి, చెయ్యూపి వెళ్ళిపోయింది.

"ఆవిడకి కోపం రాలేదేంటి?" అన్నాడు నమ్మలేనట్టు.

"ఎందుకొస్తుంది నాన్నా?"

ఆయన చెప్పు విప్పేసి, నేను కారుతున్న చోటల్లా గిన్నెలు పెట్టాడు. నడిమధ్య పొడిగా మిగిలిన కాస్త చోట్లో ముగ్గురూ ఒకరినొకరు ఒరుసుకుని పడుకున్నారు. రత్నావళి నవ్వుతూ నవ్వుతూనే నిద్రపోయింది. నా జన్మ ధన్యమైందంటే నమ్మండి.

మిగతా రోజులు మమ్మల్ని ఎవరూ పిలవలేదు. చివరికి రత్నావళే కంచె వైపు చూడటం మొదలుపెట్టింది. "ఏం వండుకున్నారని కూడా అడగరేంటండీ వీళ్ళు?" అంది. మనుషులంటే ఇంతే, ఉన్నది చేదు, లేనిది తీపి.

ఇంటికొచ్చాక, ఆ చలికాలం, నన్ను రంపచోడవరం అవతల ఒక ఊరి చివర వేశారు. ఎప్పటిలాగే జనం మూగారు. బిడ్డను చంకనేసుకున్న ఒకావిడ, "ఇక్కడెందుకండీ, మా ఇంటికి రండి, కోడికూర వండుతున్నాను" అంది. భానుమూర్తి నవ్వబోయాడు. నవ్వు ఆపుకుని, అంతమంది ముందూ వెనక్కి తిరిగాడు.

"రత్నా, నువ్వేవంటావు?"

రత్నావళి కొంగుతో కళ్ళొత్తుకుంది. ఊళ్ళోవాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. "వెళ్దాం," అంది తను.

"తిన్నాక నీకిక్కడే పడుకోవాలనిపిస్తే చెప్పు. వాళ్ళతో నేనే చెప్పి తీసుకొచ్చేస్తాను."

వెళ్తూ వెళ్తూ ఆయన నా తలుపు తాళ్ళు ముడి వెయ్యకుండా వదిలేశాడు. ఆ రాత్రి వాళ్ళు తిరిగొచ్చారా లేదా అని నన్నడక్కండి. వచ్చినా రాకపోయినా, అది రత్నావళి ఇష్టమే.