నాలుగో దిండు

నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. కానీ ధనమ్మ వదినతో ఆ రోజు నేను గట్టిగా ఒక్క మాట అనలేదు. మెత్తగానే అన్నాను. అదే నన్ను తినేస్తోంది.

మా బావ లోకనాథం, అంటే మా ఆయనే, పాత స్కూలు వ్యాను కొని అరక్కోణం షెడ్డులో ఇల్లులా చేయించాడు. గ్యాసు పొయ్యి, నీళ్ల ట్యాంకు, పడుకోవడానికి మూడు పక్కలు. ఆయనకొకటి, నాకొకటి, మా అమ్మాయి మోక్షితకొకటి. గలీబులూ బూరుగు దూది దిండ్లూ కుట్టింది ఆయన అక్క ధనమ్మ. పెళ్లి చేసుకోలేదు, తిరుత్తణిలో మాతోనే ఉండేది. దిండ్లు మాత్రం నాలుగు కుట్టింది.

పోయినేడు ఏర్కాడు కొండకు బయలుదేరే పొద్దున, ఆ నాలుగో దిండు చంకలో పెట్టుకుని వ్యాను మెట్టు దగ్గర నిలబడింది.

"నేను యాడ పండుకోవాల భార్గవీ?"

"మూడే కదా వదినా ఉండేది," అన్నాను.

దిండు లోపల పెట్టి వెళ్లిపోయింది. "వదిన రానంటా ఉండాది," అని బావకు చెప్పాను. మూడో రోజు ఏర్కాడుకు ఫోను వచ్చింది. వదినకు నిద్రలోనే గుండె ఆగిందట.

ఏడాది పాటు వ్యాను కదల్లేదు. ఈసారి సముద్రం దగ్గరి పళవేర్కాడు పోదామని మోక్షిత పట్టుపట్టింది. పొద్దున నేనే ఆ దిండును పై అరలో పెట్టి తలుపు వేశాను. కనకమ్మసత్రం దాటేసరికి అది నా పక్క మీద ఉంది. మోక్షిత ముందు సీట్లో వాళ్ల నాన్న పక్కన ఉంది, వెనక నేనొక్కదాన్నే. మళ్లీ పైన పెట్టాను. మళ్లీ దిగింది. గుంతల రోడ్డు, పడి ఉంటుందిలే పిచ్చిదానా, అని నన్ను నేనే తిట్టుకున్నాను. పడిన దిండుకు తల ఆనినంత పల్లం ఎందుకుంటుంది? చెయ్యి పెట్టి చూశాను, వెచ్చగా ఉంది. భయమేసింది.

ఊరు చూసి పోదామని బావ తిరువళ్లూరులో ఆపాడు. బజారంతా తిరిగి, మోక్షితకు గాజులు కొని, వీరరాఘవస్వామి గుడికి వెళ్లాం. అక్కడ స్వామి పడుకుని ఉంటాడు. గోడ మీద తమిళంలో స్థలపురాణం రాసి ఉంది. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా మోక్షితకు చదవడం తమిళమే వచ్చు. చదివి మా మాటలో చెప్పింది.

"సామి ముసలాయనగా వచ్చినాడంట. ఋషి తన సోరు పెట్టినాడంట. తినేసి 'ఎవ్వుళ్' అని అడిగినాడంట. ఊరి పేరు అట్లా వచ్చిందంట."

"అంటే ఏంది?" అన్నాడు బావ.

"నేను యాడ పండుకోవాల, అని."

ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాను.

"ఋషి ఏమన్నాడు?" అని మాత్రం అడగగలిగాను.

"తన చోటే ఇచ్చేసినాడంటమా."

వ్యాను ఎక్కాం. దిండు నా పక్క మీదే ఉంది. ఇక నావల్ల కాలేదు.

"బావా, వదిన రానని అన్లేదు. నేనే చోటు లేదంటిని."

తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. తాళంచెవి తిప్పబోయినవాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ముందురోజు నన్నూ అడిగింది," అన్నాడు. "భార్గవిని అడుగక్కా అంటిని. నువ్వు లేదంటావని నాకు తెలుసు." తర్వాత గొంతు తగ్గించి, "తిరుత్తణి కాడ్నించి అక్క అద్దంలో కనపడతానే ఉండాది, ఆ పక్క మీద," అన్నాడు.

నేను ఆ అద్దంలోకి చూడలేదు. ఏడుస్తూనే ఉతికిన దుప్పటి తీసి నా పక్క మీద పరిచాను. దిండు తలవైపు సర్దాను.

"పండుకో వదినా," అన్నాను.

ఎండ తగ్గాక పొన్నేరి మీదుగా పోదామని, అంతదాకా కాసేపు నడుం వాల్చమని బావ అన్నాడు. మోక్షిత తన పక్క మీద పడుకుని నన్నే చూస్తోంది.

"మరి నువ్వు యాడ పండుకుంటావుమా?"

అంటూనే మోక్షిత గోడవైపు జరిగింది. వెళ్లి దాని పక్కన పడుకున్నాను. ఇద్దరం పట్టాం. ఇంకా జానెడు చోటు మిగిలింది.