చెప్పులో గుంట

తను కుట్టిన చెప్పు కరిచిందని ఇంతవరకు ఒక్కరూ అనలేదని మేస్త్రికి మహా గీర. అందుకే ఏడేళ్ళ కిందట భార్య అరికాలు చూపించి, "ఇదిగో, ఇక్కడ గింజంత గట్టిగా ఉంది. అడుగేస్తే ప్రాణం పోతోందండీ" అన్నప్పుడు, వేలితో ఒకసారి తడిమి తేల్చేశాడు.

"ఆనెకాయ. దీనికి డాక్టరెందుకే, నేను లేనూ!"

ఆ పూటే ఆమె చెప్పు అట్టలో, సరిగ్గా ఆ గింజ ఆనే చోట గుంట తొలిచి, పైన మెత్తటి తోలు అతికించాడు. ఆమె దుకాణంలో అటూ ఇటూ నడిచి చూసి, "హాయిగా ఉందండీ" అంది. అప్పటినుంచి ఆమెకు ఏ జోడు కుట్టినా గుంట తప్పనిసరి. గింజ పెరిగినప్పుడల్లా గుంటా పెరిగింది.

మూడో ఏడు నుంచి ఎముకలు విరగడం మొదలైంది. తుమ్మితే పక్కటెముక, బకెట్ ఎత్తితే మణికట్టు, మెట్టు దిగితే తుంటి. ఆస్పత్రుల చుట్టూ కాళ్ళరిగేలా తిరిగారు. వయసన్నారు, కాల్షియం మాత్రలిచ్చారు, తొడలో కడ్డీ వేశారు. అరికాలు మాత్రం ఒక్కరూ చూడలేదు. ఆమె ఎత్తు నాలుగు వేళ్ళ మేర తగ్గింది. "మళ్ళీ చిన్నపిల్లనవుతున్నా" అని తనే నవ్వేది.

చివరికి వెన్ను కూలి, కాళ్ళు చచ్చుబడ్డాక ఒక డాక్టరమ్మ రక్తపరీక్ష కాగితం చూసి అడిగింది.

"ఒంటి మీద ఎక్కడైనా గడ్డ ఉందా?"

"లేదమ్మా" అన్నాడు మేస్త్రి. ఆనెకాయ గడ్డ కిందికి వస్తుందని ఆయనకు తట్టనే లేదు.

మంచం కిందున్న చెప్పు డాక్టరమ్మ కాలికి తగిలింది. చేత్తో తీసి పక్కన పెట్టబోతే బొటనవేలు గుంటలోకి దిగింది. "ఇదేంటి?"

మంచం మీది మనిషి ముఖం వెలిగింది. "మా ఆయన చేశారమ్మా. ఇన్నేళ్ళూ ఒక్క రోజు కూడా నాకు నొప్పి తెలియనివ్వలేదు."

డాక్టరమ్మ దుప్పటి తొలగించి అరికాలు చూసింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఒంట్లో ఎముకలకు కావలసిన ఫాస్ఫేట్‌ను ఈ చిన్న గడ్డే మూత్రంలో పోయేలా చేస్తోంది. అందుకే ఎముకలు మెత్తబడ్డాయి. గడ్డ తీసేస్తే మళ్ళీ గట్టిపడతాయి.

"నడుస్తుందా అమ్మా?"

"వెన్నులో నరం నలిగి చాలా రోజులైందండీ. మొదట్లోనే కాలు నొప్పని వచ్చుంటే..." అని మిగతా మాట మింగేసింది.

ఆ మింగిన మాట మేస్త్రికి వినబడింది. తన చేతులు తనే నరుక్కోవాలనిపించింది.

గడ్డ తీశారు. చింతగింజంత ఉంది. ఏడాది తిరిగేసరికి ఎముకలు గట్టిపడ్డాయి, కాళ్ళు మాత్రం లేవలేదు.

"ఇక గుంట అక్కర్లేదుగా, నాకూ అందరిలా ఓ మామూలు జోడు కుట్టరూ?" అంది ఒకరోజు.

కుట్టాడు. మంచం దగ్గర కూర్చుని ఆమె పాదాలకు తొడిగాడు. నోరు ఊరుకోక అలవాటుగా అడిగాడు.

"ఎక్కడైనా కరుస్తోందా?"

ఆమె తన పాదాలకేసి కాసేపు చూసింది.

"తెలియట్లేదండీ" అంది.