ఎవరి వాటాలోకీ రాని తీగ

గోడ కట్టడానికి ఆదివారం పొద్దున మంచి ఘడియ ఉందన్నారు పంతులుగారు. కలిసి ఉండటానికి ముహూర్తం పెట్టుకోవడం లోకంలో అందరూ చేసేదే. విడిపోవడానికి కూడా పంచాంగం తిరగేయించే ఓపిక మాత్రం మా గుంటూరు వైపు రైతు కుటుంబాల్లోనే చూశాను.

పేరయ్యకీ అతని తమ్ముడు రామాంజనేయులుకీ గుంటూరు శివార్లలో, హైవే పక్కన, పెద్ద కోల్డ్ స్టోరేజీ ఉండేది. మిరపకాయ కోసి ఎండబెట్టాక బజార్లో ధర లేకపోతే రైతులు దాన్ని గోనె బస్తాల్లో తొక్కి, మూతి కుట్టి టిక్కీలు చేసి, తెచ్చి అక్కడ దాచుకునేవాళ్లు. చల్లటి గదుల్లో కాయ రంగు పోదు, పురుగు పట్టదు. ధర వచ్చిన రోజున తీసుకుపోయి అమ్ముకుంటారు. పేరయ్య పెద్దగా చదువుకోలేదు. అయినా ఆయన గేటు దగ్గర నిలబడి "పెట్టి పోరా, నీ కాయ ఎక్కడికీ పోదు" అన్నాడంటే రైతు వెనక్కి తిరిగి చూడకుండా బండి తోలుకుపోయేవాడు. భవంతి, గదులు, యంత్రాలు అన్నీ తర్వాత, తన అసలు ఆస్తి ఆ మాటేనని పేరయ్యకి బాగా తెలుసు.

తమ్ముడు ఇంజనీరింగు చదివాడు. ఎనభై ఆరులో అతను బెంగుళూరు నుంచి రెండు కంప్యూటర్లు తెచ్చి ఆఫీసులో పెట్టిస్తే ఊరంతా నవ్వింది. ఒకటి తెస్తే షోకు అని ఊరుకునేవాళ్లేమో, రెండు తెచ్చేసరికి పిచ్చి అని తేల్చేశారు. పేరయ్య కూడా లోపల్లోపల అదే అనుకుని, "రెండెందుకురా?" అని అడిగాడు. తమ్ముడు ఓపిగ్గా చెప్పాడు. సీజన్లో జనం రెండు కిటికీల దగ్గర సగం సగం నిలబడతారు, బరువంతా ఒక్కదాని మీదే పడదు. ఒకటి మొరాయించినా రెండోది మొత్తం పని నెత్తినేసుకుంటుంది, రైతు ఊరికే వెనక్కి పోనక్కర్లేదు. లెక్క మాత్రం రెంటికీ ఒక్కటే. మధ్యలో బీరువాలాంటి డిస్కు ఒకటుంది. ఏ కిటికీలో రాసినా అందులోకే పోతుంది, ఏ కిటికీలో అడిగినా అందులోంచే వస్తుంది.

మరుసటి సీజన్లో కరెంటు దెబ్బకి ఒక కంప్యూటరు చచ్చూరుకుంది. రెండోది ఏమీ జరగనట్టు పని చేసుకుపోయింది. గేటు దగ్గర బళ్ల వరస ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆ రోజు పేరయ్య తమ్ముడి వీపు మీద ఒక్కటి చరిచి, "పిచ్చోణ్ణి నేనేరా" అన్నాడు. అంత ప్రేమగా ఉండేవాళ్లు.

తగువు నల్లరాయి దగ్గర వచ్చింది. తమ్ముడి మనసు చీమకుర్తి గ్రానైటు మీదకి పోయింది. అన్నకి మిరపకాయ తప్ప వేరే లోకం లేదు. మాటా మాటా పెరిగింది. పెద్దమనుషుల ముందు పేరయ్య "నాకు తమ్ముడు చచ్చాడనుకుంటా" అనేశాడు. రామాంజనేయులు "నాకూ అన్న పోయాడనే అనుకుంటా" అన్నాడు. ఆ తర్వాత ఒకే గదిలో కూర్చున్నా ఇద్దరి మధ్యా మాటల్లేవు. తప్పనిసరిగా ఏదైనా చెప్పాల్సొస్తే సీలింగు ఫ్యాను వైపు చూసి చెప్పేవాళ్లు, వినాల్సినవాడు వినేవాడు.

పంపకాలు మొదలయ్యాయి. ఆఫీసు చెరి సగం, తమ్ముడి వైపు హైవే మీదకి ఒక కొత్త గేటు. కంప్యూటర్లు చెరొకటి. వాటిని నడిపే మనుషులు కూడా చెరొకరు. జయకుమారి అన్న వైపు, ఆదాం తమ్ముడి వైపు. గదుల్లో ఉన్న సరుకు రైతులది కాబట్టి, ఈ సీజను వెళ్లేదాకా గదులూ లెక్కా ఉమ్మడిగానే ఉంచమన్నారు. మరి ఆ డిస్కు బీరువా సంగతేంటి? పెద్దమనుషులు దాని గురించి బుర్ర బద్దలు కొట్టుకోలేదు. అన్నదమ్ములు వేరుపడినప్పుడు పెరట్లో బావి ఒక్కటే ఉంటే ఏం చేస్తారు? బావి నడిమి మీదుగా గోడ కట్టి, ఇటు వాళ్లు ఇటూ అటు వాళ్లు అటూ తోడుకుంటారు. ఇదీ అంతే అన్నారు. గోడలో బీరువా పట్టేంత ఖాళీ వదిలి, దాని తీగలు చెరోవైపు ఉంచమన్నారు. న్యాయం అంతకంటే చక్కగా ఎవరూ చెప్పలేరని అందరూ తల ఊపారు.

ఆదివారం కాబట్టి జయకుమారీ ఆదామూ చర్చికి వెళ్లారు. వెళ్లేముందు శనివారం సాయంత్రమే కంప్యూటర్లు ఆపి, దుమ్ము పడకుండా దుప్పట్లు కప్పారు. అన్నదమ్ములిద్దరూ గదికి చెరో కొసన చేతులు కట్టుకుని నిలబడ్డారు. పని చకచకా సాగింది. నేల మీద ఒకచోట తాపీమేస్త్రి ఆగాడు. ఒక కంప్యూటరు వెనక నుంచి రెండోదాని వెనక్కి సన్నటి నల్ల తీగ ఒకటి పాకుతోంది. సరిగ్గా గోడ రావలసిన చోటే అడ్డంగా ఉంది.

"ఈ తీగ ఎవరి వాటా అండీ?" అన్నాడు మేస్త్రి.

పేరయ్య చూశాడు. అది డిస్కులోకి పోవడం లేదు, కరెంటు ప్లగ్గులోకీ పోవడం లేదు. పంపకాల్లో దాని పేరే రాలేదు. తమ్ముడి వైపు చూస్తే చూసినట్టవుతుందని చూడలేదు.

"ఎవరి వాటాలోకీ రాలేదుగా. కోసెయ్" అన్నాడు.

మేస్త్రి కోసేశాడు. సాయంత్రానికి గోడ నెత్తి ఎత్తు దాటింది.

సోమవారం పొద్దున గొడవ మొదట గదుల్లోంచి వచ్చింది. ముఠామేస్త్రి బుల్లయ్య చెమటలు కక్కుకుంటూ వచ్చాడు.

"అయ్యా, మనోళ్లు బస్తాలు తీసుకెళ్లిన చోటికే అటు ముఠా కూడా బస్తాలు తెచ్చింది. వాళ్ల కంప్యూటరు చీటీలోనూ అదే అర. మన చీటీలోనూ అదే అర. కొట్టుకునేట్టున్నారు."

పేరయ్య పళ్లు కొరికాడు. గోడ అవతలివాడు కావాలని చేస్తున్నాడనుకున్నాడు. ఇంతలో కిటికీ దగ్గర ఒక ఆడమనిషి గొంతు లేచింది. బసవమ్మ. ప్రత్తిపాడు అవతల కౌలుకి చేను చేసుకుని, ఏడాది పంటంతా జనవరిలో తెచ్చి ఇక్కడ పెట్టుకున్న మనిషి. ధర వచ్చిందని లారీ మాట్లాడుకుని మరీ వచ్చింది.

"నా పేరే లేదంటదేందయ్యా ఈ పిల్ల! నా కాయలేమైనయ్? నువ్వు పెట్టి పొమ్మంటేనే కదా పెట్టిపోయా!"

ఇన్నేళ్లలో ఆ గేటు దగ్గర ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు. బస్తా మీద రైతు పేరుండదు, కంప్యూటరు ఇచ్చిన నంబరే ఉంటుంది. నంబరు పోయిందంటే వేల బస్తాల్లో బసవమ్మవి ఏవో దేవుడే చెప్పాలి.

జయకుమారి లేచి వచ్చి, గోడ మొదట్లో తెగిన తీగ కొస చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఇది ఎవరు కోశారండీ?"

"నేనే కోయించా. ఏం?"

"పేరయ్యగారూ, ఈ తీగ మీదేనండీ అవి రెండూ మాట్లాడుకునేవి. నేనున్నాను, నువ్వున్నావా అని అస్తమానం ఒకదాన్నొకటి అడుగుతుంటాయి. జవాబు రాకపోతే అవతలది చచ్చిపోయిందనుకుంటాయి. ఇప్పుడు రెండూ అదే అనుకున్నాయండి. ఇక డిస్కంతా నాదేనని ఇది రాస్తోంది, నాదేనని అది రాస్తోంది. ఇది రాసిందాని మీద అది, అది రాసిందాని మీద ఇది."

"మరి పొద్దున్నే చూసుకోవద్దా అమ్మాయ్?"

"రెండోది కనపడ్డం లేదని తెర మీద వచ్చిందండి. ఆదాం ఇంకా స్విచ్చి వెయ్యలేదేమో అనుకున్నా. ఇదివరకైతే పక్కకి తిరిగి అడిగేదాన్ని. ఇప్పుడు గోడొచ్చింది కదండీ. అటు వాళ్లతో మాట్లాడితే మీరేమనుకుంటారో అని..." ఆమె మాట మింగేసింది. "శనివారం దాకా లెక్కంతా టేపు మీద ఎత్తి పెట్టానండి, అది తిరిగి తెచ్చుకోవచ్చు. కానీ ఇవి రెండూ ఇలాగే నడిస్తే బస్తాలు తప్పు అరల్లోకి పోతూనే ఉంటాయి. ఆ తర్వాత టేపున్నా లాభం లేదండి. ఏదో ఒకటి వెంటనే ఆపాలి."

"వాడిది ఆపమను!" అన్నాడు పేరయ్య. నోట్లోంచి అదే ముందొచ్చింది.

ఎవరు వెళ్లి చెబుతారు? చెబితే వాడు వింటాడా? నీదే ఆపుకోమంటాడు. ఆ వాదన తేలేలోపు ఇంకెన్ని బస్తాలు తారుమారవుతాయో. తనది ఆపితే నలుగురిలో చులకన. ఇన్నాళ్లూ తన కిటికీ దగ్గరికి వచ్చిన జనమంతా తమ్ముడి గేటుకి పోతారు. పెద్దోడు తగ్గాడంటారు, సాయంత్రానికల్లా మిర్చి యార్డంతా పాకుతుంది. పేరయ్యకి ఆ తలంపే కారం పూసినట్టుంది. కిటికీ అవతల బసవమ్మ చువ్వలు పట్టుకుని నిలబడే ఉంది. అరవడం మానేసింది. ఆ అరవకపోవడాన్ని ఆయన భరించలేకపోయాడు.

"మనది ఆపెయ్యమ్మాయ్" అన్నాడు.

తెర నల్లబడింది. పేరయ్య బయటికి వచ్చి, జనంతో, "ఇయ్యాల్టికి అందరూ తమ్ముడి గేటుకి పోండి" అన్నాడు. తమ్ముడు అన్న మాట ఎలా వచ్చిందో ఆయనకే తెలియలేదు.

జనం వెళ్లారు. వెళ్లినవాళ్లు వెళ్లినట్టే తిరిగొచ్చారు, ముందు బసవమ్మ.

"అక్కడా ఆపేసుకుని కూకున్నారయ్యా. నీ తమ్ముడు మమ్మల్ని అన్న గేటుకి పొమ్మంటున్నాడు."

లారీ డ్రైవర్లు పడీ పడీ నవ్వారు. ఆదాం కూడా అదే కనిపెట్టి అదే చెప్పాడన్నమాట. రామాంజనేయులు కూడా ఇలాగే మింగలేక కక్కలేక చివరికి తనది ఆపేశాడన్నమాట. రెండుంటే ఒకటి ఆగినా పని ఆగదని కొన్న యంత్రాలు, రెండూ ఒకేసారి చల్లబడి కూర్చున్నాయి.

"అయితే మనది మొదలెట్టు" అన్నాడు పేరయ్య.

"అటు ఆదాం కూడా ఇప్పుడే మొదలెడితే మళ్లీ అదే గతండి. ఎవరు మొదలెట్టాలో ముందు అనుకోవాలి" అంది జయకుమారి.

"ఎవరనుకోవాలి?"

ఆమె తలొంచుకుని, "మీరేనండి. మీరిద్దరూ" అంది.

గోడకి తలుపు పెట్టలేదు. తలుపు వద్దని పట్టుబట్టింది పేరయ్యే. కాబట్టి ఆయన గేటు దాటి, హైవే మీదకి వచ్చి, లారీల పక్కనుంచి తమ్ముడి కొత్త గేటు వైపు నడవాల్సొచ్చింది. సగం దూరం వెళ్లేసరికి ఎదురుగా రామాంజనేయులు వస్తున్నాడు. ఇద్దరూ ఆగారు. జనం చుట్టూ మూగారు.

"నీది మొదలెట్టరా. దాని మంచీ చెడ్డా తెలిసినోడివి నువ్వు."

"నీదే మొదలెట్టు. రైతులు నిన్ను చూసి పెట్టిన సరుకు."

"నేను చెబుతున్నా కదరా!"

"నేనూ చెబుతున్నా!"

"ఇప్పుడు దీనికి కూడా పెద్దమనుషుల్ని పిలవాలా?" అంది బసవమ్మ. "పెద్దోడిది నడవనీ. చిన్నోడా, నువ్వూ వచ్చి పక్కన కూకో. నా కాయలు నాకు చూపియ్యండయ్యా ముందు."

ఇద్దరూ తలూపారు. అంతటితో అయిపోయేదే. తమ్ముడు ముందుకి అడుగేశాడు. పేరయ్య మాత్రం కదల్లేదు. తన తెలివితక్కువతనం వల్ల ఇంత జరిగిందన్న సిగ్గు ఆయన్ని కదలనివ్వలేదు.

"ఆ తీగ కోయించింది నేనేరా" అన్నాడు మెల్లిగా. "అదేంటో నాకు తెలీదు."

రామాంజనేయులు నేల వైపు చూశాడు.

"నాకు తెలుసన్నయ్యా."

"ఏంటి?"

"తెచ్చింది నేనే కదా, తెలీకుండా ఎట్లా ఉంటది? మేస్త్రి నిన్నడిగినప్పుడు అక్కడే ఉన్నా. కొయ్యొద్దని నోటిదాకా వచ్చింది. అంటే నువ్వు నా వైపు తిరిగి ఎందుకని అడుగుతావు. నీతో మాట్లాడాల్సొస్తది. అందుకని ఊరుకున్నా."

పేరయ్యకి కోపం రావలసింది. భయం వేసింది. తెలిసి తెలిసి, ఇంతమంది రైతుల కష్టం బూడిదైపోతుందని కూడా తెలిసి, తమ్ముడు ఒక్క మాట దాచుకున్నాడు. తానైతే అనేవాడా? అనేవాడు కాదు. తన సంగతి తనకి తెలుసు. ఇద్దరూ ఒక్క కడుపున పుట్టినవాళ్లే కదా.

"ఇప్పుడను" అన్నాడు.

"ఏమనను?"

"అప్పుడు అనాల్సింది."

రామాంజనేయులు చుట్టూ జనాన్ని చూశాడు. అన్న పక్కకి జరగలేదు. అతను "కొయ్యొద్దన్నయ్యా" అన్నాడు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి లారీ ఒకటి హారను కొట్టుకుంటూ పోవడంతో మాట సగమే వినపడింది. పేరయ్య దగ్గరికి వచ్చి నిలబడి, రెండోసారి చెప్పించుకున్నాడు. అప్పుడు, "సరేరా, కొయ్యను" అన్నాడు.