తోకరెక్కలో నల్లదారం

బాబా నా చేతుల వంక చూస్తున్నాడని మొదట కనిపెట్టింది నేను కాదు, వంటమనిషి ఖాతూన్ బీ.

"మే రెడ్డెమ్మా, నువ్వు టీ గ్లాసులు తీస్తాంటే ఆయప్ప నీ చేతులే చూస్తాండాడు. మొగం గాదు, చేతులు. నాకేందో బాగలేదమ్మే," అంది.

ఖాతూన్ బీది మా రాయచోటి పక్కే. సల్వాలోని ఈ అరబ్బుల ఇంట్లో నాకంటే ముందునుంచీ ఉంది. ఇక్కడ యజమానిని బాబా అని, ఆయన భార్యను మామా అని పిలుస్తాం. ఆమె అనుమానాల్లో సగం ఉత్తవే. మిగతా సగం నిజమవుతాయి, అదే తంటా.

మరునాడు మధ్యాహ్నం మామా నిద్రపోతున్న వేళ బాబా నన్ను గ్యారేజీకి రమ్మన్నాడు. ఆ గ్యారేజీలో కార్లుండవు. పెట్టెల్లో తెప్పించుకున్న ముక్కలతో ఆయన అక్కడ ఇద్దరు కూర్చునే విమానం ఒకటి కట్టుకుంటున్నాడు. కార్లేమో బయట ఎండలో మాడుతుంటాయి, వాటిని చూసినప్పుడల్లా మామాకు ఒళ్ళు మండుతుంది. నేను తువ్వాలులో చపాతీ కర్ర చుట్టుకొని వెళ్ళాను. నవ్వితే నవ్వండి. పరాయి దేశంలో మగవాడు ఒంటరిగా పిలిస్తే చపాతీ కర్ర కూడా దేవుడే.

బల్లమీద రేకుతో చేసిన పొడుగాటి రెక్క ఒకటి బోర్లా పెట్టి ఉంది. విమానం తోకకు తగిలించేది, ఎలివేటర్ అంటాడాయన. దాని అడుగున చిన్న కంత. బాబా తన చెయ్యి అందులో దూర్చబోయాడు, బొటనవేలి కణుపు దగ్గరే ఇరుక్కుంది. తర్వాత నా చెయ్యి చూపించి, "నీదైతే పడుతుంది," అన్నాడు.

ఇన్నాళ్ళూ చూసింది ఇందుకా! ఆ మాట నోటితో అడిగితే ముత్యాలు రాలిపోతాయా? చపాతీ కర్రను తువ్వాలుతో సహా మూలకు పెట్టి, చెయ్యి కడుక్కొని వచ్చాను.

ఆ రెక్క వెనక అంచున అరచేయంత పలక ఉంటుంది. గాలిలో విమానం ముక్కు వాలిపోతుంటే, నడిపేవాడు చేతులు నొప్పెట్టేలా కడ్డీ లాగి పట్టుకోనక్కర లేకుండా ఈ పలకే ఆ భారం మోస్తుందట. పేరు ట్రిమ్. దాన్ని కదిపే మోటారు సబ్బుబిళ్ళంత. మోటారు వైర్లు ఊగులాడి, పలకను కదిపే సన్న కడ్డీకి రాసుకుంటే ఏదో ఒకనాడు తెగుతాయి. అందుకని కంతలో చెయ్యి పెట్టి, కంటికి కనపడకపోయినా, మైనం పూసిన నల్లదారంతో వైర్లను కట్టగా కట్టి వరసగా ముడులు వెయ్యాలి. ప్లాస్టిక్ పట్టీలు ఇక్కడి ఎండకు పెళుసెక్కి విరిగిపోతాయని బాబా నమ్మకం.

చేతికి అలవాటయ్యేదాకా వేసి చూడమని ఒక దారపు ఉండ ఇచ్చాడు. వైర్లు నేనెక్కడ తేను? పాత చీపురు పుల్లలు గుప్పెడు పీకి, వాటినే వైర్లనుకొని, నా మంచం మీద కూర్చుని ముడులు వేసేదాన్ని. అయ్యాక దిండు కింద పెట్టేదాన్ని. ఆ చీపురుతో మామా గది ఊడ్చేదాన్నన్న సంగతి నాకు తోచనే లేదు.

మామాకు ఆ మధ్య అంతా తలనొప్పి. నిద్ర పట్టేది కాదు. నేనిచ్చిన టీని ముందు వాసన చూసి తాగడం మొదలుపెట్టింది. ఒకరోజు నేను గ్యారేజీలోంచి వస్తుంటే మెట్లమీద నిలబడి ఉంది.

"నీ మొగుడు మహబూలాలోనే ఉన్నాడా?" అంది.

"ఉన్నాడు మామా."

"ప్రతి శుక్రవారం వస్తున్నాడా?"

"వస్తున్నాడు మామా."

ఆ ప్రశ్నలు ఎక్కడికి పోతున్నాయో నాకు తెలియకపోతే కదా. నాకూ బాబాకూ ముడిపెడుతోంది. మా ఆయన బాలసుబ్బయ్య మహబూలాలో పది మందితో ఒకే గదిలో ఉంటాడు. శుక్రవారం బస్సెక్కి వచ్చి, వీధి చివరి బకాలా కొట్టు ముందు నా కోసం నిలబడతాడు. ఇద్దరం చెరో జ్యూసు డబ్బా తాగి ఊరి మాటలు చెప్పుకుంటాం. ఆ కాసేపటి కోసమే నేనీ దేశం వచ్చాను. ఈ ఇల్లు పోతే ఇక్కడ ఉండనిచ్చే కాగితం, ఇఖామా, పోతుంది, ఇఖామా పోతే నేను ఊరికి పోవాలి, ఆయన ఇక్కడే ఉండిపోతాడు.

గ్యారేజీకి ఇక రానని బాబాకు చెప్పాను. "ఒక్క కట్టు మిగిలింది, అంతే," అన్నాడు. ఆయనకేం, ఆయనిల్లు.

మరుసటి రోజు వాకిలి కడిగి లోపలికి వచ్చేసరికి నా పరుపు తలకిందులుగా ఉంది. మామా ఆ పుల్లల కట్టను టిష్యూ కాగితంతో పట్టుకొని ఉంది. నల్లదారం, వరసగా ముడులు. ముడుల మధ్య గోరింట రంగు పొడుగాటి వెంట్రుకలు. ఈ ఇంట్లో గోరింట పెట్టుకునే తల ఒక్కటే.

"సిహ్ర్," అంది మామా.

సిహ్ర్ అంటే చేతబడి. ఇక్కడ ఆ మాట పనిమనిషి మీద పడితే ఇంకే మాటా ఎవరూ వినరు. పోలీసులు, జైలు, అటునుంచి అటే ఊరు. ఖాతూన్ బీ గోడకు ఆనుకొని ఏదో ప్రార్థన గొణుక్కుంటోంది. నేను ఆమెకేసి చూశాను.

"నేనేం చెప్పలేదమ్మే," అంది.

అడగకముందే చెప్పింది. అంటే చెప్పింది.

"అవి వైర్ల కోసం మామా. బాబా నేర్పాడు," అని నాకొచ్చిన వంటింటి అరబీలో ఏడుస్తూ చెప్పాను. మామా బాబాను పిలిచింది. ఆయన వచ్చి, ఆ కట్ట చూసి, పకపకా నవ్వాడు. నా కొంప ముంచింది ఆ నవ్వే.

"దారం నాదే. నేర్పింది నేనే. దీని తప్పేమీ లేదు," అన్నాడు.

"చూశావా, దాని తరఫున ఎలా మాట్లాడుతున్నావో," అంది మామా నెమ్మదిగా. "నిన్నూ కట్టేసింది."

ఆయన నాకోసం ఎంత మాట్లాడితే నాకు అంత ఉచ్చు బిగుస్తోంది. చివరికి విసిగి ఆ పుల్లల కట్టతో సహా మా ఇద్దరినీ గ్యారేజీకి తీసుకెళ్ళి, కంతలో టార్చి వేసి చూపించాడు. లోపల అవే నల్ల ముడులు. మామా వెనక్కి జరిగింది.

"నువ్వెక్కే దానిలో కూడా పెట్టిందా?" అని ఫోను తీసింది. అయిపోయింది, రెడ్డెమ్మా, మూట కట్టుకో అనుకున్నాను.

బాబా మారు మాట్లాడకుండా కత్తెర తీసుకున్నాడు. సన్నని కొక్కెంతో కట్టును కంత దగ్గరికి లాగి, నా ముడులన్నీ కోసి, దారం ముక్కలు ఆమె ముందు పడేశాడు. తర్వాత బ్యాటరీ తగిలించి స్విచ్చి నొక్కాడు. పలక కిందికి వాలింది, పైకి లేచింది. లోపల వదులైన వైర్లు కడ్డీకి టిక్కు టిక్కుమని తగులుతున్నాయి.

"వచ్చే నెల ఎగురుతాను. ఇలాగే ఎగరనా?" అన్నాడు.

మామా స్విచ్చి ఆపేసింది. అంతలో అసర్ అజాన్, సాయంత్రపు నమాజు పిలుపు, వినపడింది. బాబా కత్తెర బల్లమీద పడేసి మసీదుకు వెళ్ళిపోయాడు. మంచి సమయం చూసుకున్నాడు మహానుభావుడు.

మేమిద్దరమే మిగిలాం. మామా ఫోను పక్కన పెట్టి, గాజులు తీసి, తన చెయ్యి కంతలోకి పోనిచ్చింది. పట్టింది.

"ఎలా కట్టాలి?" అంది.

ఆ పుల్లల కట్టనే తీసుకొని, ఒక ముడి విప్పి మళ్ళీ వేసి చూపించాను. ఆమె చూస్తోంది కానీ ముడిని కాదు. వాకిలి వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"రెడ్డెమ్మా, నిజం చెప్పు. పోలీసులను పిలవను. ఇది పైకి లేవకుండా కట్టే ముడి నీకు వచ్చా?"

"ఏది మామా?"

"ఈ విమానం. ఆయన ఎక్కినా ఇది నేల వదలకూడదు. అలాంటిది వస్తే వెయ్యి. నువ్వు ఉన్నన్నాళ్ళు ఈ ఇంట్లో నిన్ను ఎవరూ ఏమీ అనరు. నీ మొగుడికి కూడా పని చూపిస్తాను."

నా నోటితో ఒప్పించి పట్టిద్దామనే అడుగుతోంది, అనుకున్నాను మొదట. కానీ రేకు చిన్నగా గలగలమంటోంది. కంతలో ఆమె చెయ్యి వణుకుతోంది, గడగడా. ఆ తలనొప్పులు, నిద్రలేని రాత్రులు ఎందుకో అప్పుడు తెలిసింది, పైకి లేచిన మొగుడు తిరిగి రాడేమోనన్న బెంగ. ఆమె మీద నాకున్న కోపం ఎటు పోయిందో. ఔనంటే బాలసుబ్బయ్య సల్వాలోనే ఉంటాడు, రోజూ చూసుకోవచ్చు. నాలుక చివరిదాకా వచ్చింది ఆ ఔను. కానీ నేనేం కట్టినా ఆ విమానం లేవక మానదు, అందులో ఉండేది ఆమె మొగుడు.

"రాదు మామా," అన్నాను. "నాకు వచ్చింది ఒక్క ముడే. ఊడిపోకుండా వేసేది."

మామా చెయ్యి బయటికి తీసి, ముసుగు అంచుతో కళ్ళు తుడుచుకొని, దారపు ఉండ నా అరచేతిలో పెట్టింది.

"అయితే గట్టిగా వెయ్యి," అని టార్చి తనే పట్టుకుంది.