నల్లరాళ్ల కాపడం

ఆ రోజు గాజువాక ఇంట్లో గవర్రాజు మావయ్య ఉన్నాడు. తాయారు అత్త ఉంది. కొత్తగా పెట్టించిన కేబుల్ టీవీ ముందు వాళ్లమ్మాయి శ్రీసత్య ఉంది. మావయ్యతో స్టీలు ప్లాంటులో పనిచేసే రమణమూర్తి ఉన్నాడు. పుష్ప కూడా ఉంది గానీ, ఆమెను ఇంటి మనిషిగా లెక్కపెట్టాలో వద్దో అత్త ఇంకా తేల్చలేదు.

పుష్ప మావయ్యకి స్వయానా చెల్లెలి కూతురు. పద్మనాభంలో పదో తరగతి పాసై, ఇంటరు చదవడానికి పట్నం వచ్చింది. "దసరా దాకా సూద్దాం. అక్కరకొచ్చే పిల్లయితే ఉంటాది, నేదంటే ఎల్తాది," అని అత్త మొదటిరోజే చెప్పేసింది. పుష్పకి కొట్టుకెళ్లి బేరమాడడం రాదు, నలుగురిలో నోరు పెగలదు. చేతనైంది ఒకటే, అమ్మమ్మ గంగాలమ్మ నేర్పిన రాళ్ల కాపడం. ఊళ్లో బాలింతలకీ, నడుం పట్టేసినవాళ్లకీ అమ్మమ్మ చేసేది అదే.

గోస్తనీ ఏట్లో ఏరిన నున్నటి నల్లరాళ్లు. వాటిని నిప్పుల మీద పెట్టకూడదు, నీళ్లలోనే కాగాలి. తీసి తుడిచి ముందు తన మోచేతి లోపలివైపు ఆనించుకోవాలి. తను ఓర్చుకోగలిగితేనే అవతలి మనిషికి పెట్టాలి. నువ్వులనూనె రాసిన ఒంటిమీద రాయి ఆగకుండా నడవాలి. "ఒల్లు నీది కాదు గుంటా. సాలన్న మాట ఆల్లు సెప్పాల, నువ్వు ఇనాల," అనేది అమ్మమ్మ.

మావయ్య ఎప్పుడూ చాలనేవాడు కాదు. షిఫ్టు నుంచి వచ్చి, బరువైన బూట్లు విప్పి, కాళ్లు చాపేవాడు. ఒకసారి బూటులో మేకు దిగినా చూసుకోకుండా సాయంత్రం దాకా నడిచి వచ్చాడు. "ఎప్పుడు గుచ్చుకుందో ఏటో!" అని నవ్వేశాడు. కాపడం పెడుతుంటే మాత్రం, "హాయిగా ఉందమ్మా. అచ్చం మా అమ్మ సెయ్యే నీది," అని వంటింట్లోకి వినబడేలా అనేవాడు. ఆ మాటతో పుష్పకి కడుపు నిండిపోయేది.

ఆ సాయంత్రం రమణమూర్తి పొయ్యి మీది గిన్నెలోకి తొంగి చూశాడు. "ఏటి బావా, మీ ఇంట్లో రాల్లు కూరొండతన్నారేటి?"

"పప్పులో రాల్లేరడం ఎరుగుదును గానీ, రాల్లకి ఎసరెట్టడం ఈ పిల్లొచ్చాకే సూసేను," అంది అత్త. గొంతులో ఎత్తిపొడుపు ఉంది గానీ కోపం లేదు. పుష్ప అది పట్టుకుంది.

"నవ్వండి, నవ్వండి! మా గుంట సేత ఒక్కపాలి కాపడం ఎట్టించుకుంటే నువ్వు మీ ఇంటికెల్లవు బావా," అన్నాడు మావయ్య.

కొత్త మనిషి చూస్తుండగానే పుష్ప నీళ్లలోంచి రాయి తీసి తుడిచింది. రాయి మోచేతికి ఆనించగానే చురుక్కుమంది. పక్కన పెట్టి చల్లారనివ్వబోయింది.

"ఎట్టీమ్మా, పరవానేదు. నాకు ఏడిగా ఉంటేనే హాయి," అన్నాడు మావయ్య.

రాయిని గుడ్డలో చుట్టి మావయ్య పాదం కింద పెట్టింది. అప్పుడే వంటింట్లోంచి పిలుపు వచ్చింది.

"పుష్పా, టీ అట్టుకెల్లు."

అత్త ఎప్పుడూ "ఒలే" అనేది. పేరు పెట్టి పిలవడం అదే మొదలు. పుష్ప సంబరంగా లేచింది.

"కాలతందా మావయ్యా? తీసీమంటావా?"

"ఎల్లమ్మా, ఎల్లు. హాయిగా ఉంది."

టీ ఇచ్చింది. ప్లేట్లో జంతికలు పెట్టమంటే పెట్టింది. గ్లాసులు కడగమంటే కడిగింది. తిరిగి వచ్చేసరికి మావయ్య ఎవరో సూపర్‌వైజర్ నడకని అనుకరించి చెబుతూ కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వుతున్నాడు. పుష్ప కింద కూర్చుని గుడ్డ తీసింది. అరికాలి తోలు గుడ్డతో పాటే వచ్చేసింది.

మావయ్య ఇంకా నవ్వుతూనే ఉన్నాడు.

ఆటోలో ఆస్పత్రికి తీసుకెళ్లారు. తిరిగి వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ దాటింది. పుష్ప పెరటి గుమ్మం దగ్గరే కూర్చుని ఉంది. మావయ్యని గదిలో పడుకోబెట్టి రమణమూర్తి, అత్త బయటికి వచ్చారు.

"డాక్టరు సూదెట్టి గుచ్చినా తెలీలేదు ఆ మనిషికి," అంది అత్త, ఎవరివైపూ చూడకుండా. "సుగరంట. ఎప్పట్నుంచో కాల్లు మొద్దుబారిపోయేయంట. ప్లాంటులో తెలిత్తే పని మార్చేత్తారని నాకు కూడా సెప్పలేదు. ఇప్పుడు కాలు దక్కుతాదో నేదో సెప్పలేమన్నారు."

"గుంట తప్పేటుంది సెల్లమ్మా? హాయిగా ఉందని బావే కదా అన్నాడు," అన్నాడు రమణమూర్తి.

"తప్పెవులదైతే నాకేటి అన్నయ్యా? ఈ ఇల్లు నిలబడింది ఆ కాలి మీద. దీన్ని సూత్తే నాకా గుడ్డే అగుపిత్తాది. పద్మనాభం బస్సెక్కించీ."

పుష్ప బట్టలు సంచిలో సర్దుకుంది. రాళ్లు గిన్నెలోనే ఉండిపోయాయి. వెళ్లేముందు మావయ్య గది గుమ్మంలో నిలబడింది. మావయ్య కట్టు కట్టిన కాలు దిండు మీద పెట్టుకుని పడుకున్నాడు. పక్కన అత్త.

"మావయ్యా," అంది. తన గొంతు తనకే వినబడలేదు. మళ్లీ పిలిచింది. "రోజూ హాయిగా ఉందనీవోడివి కదా. ఒక్కరోజన్నా తెలిసిందా?"

మావయ్య ఆమె వైపు తల తిప్పాడు.

"నేదమ్మా. నీ సెయ్యి తగిల్నట్టు కూడా తెలిసీది కాదు. అలాగంటే మీ అత్త నిన్ను ఉండనిత్తాదని..."

పుష్ప గడప లోపలికి అడుగు వెయ్యబోయింది. అత్త లేచి అడ్డం వచ్చింది. ఆమె ముఖమంతా కన్నీళ్లతో తడిసిపోయి ఉంది. తలుపు వేసేసింది.