బావ నోట పడిన పేరు

నెదర్లాండ్స్ ఉత్తరాన ఉండే మా గ్రోనింగన్ వాళ్లకి ఒక రోగం ఉంది. బిడ్డ కింద పడినా లేపం, తనంతట తాను లేచేదాకా చూస్తూ నిలబడతాం. మా అక్క రూల్ఫీనాకి అది మరీ ముదిరింది. నోట్లో ముద్ద పెడితే ఎవరూ తినడం నేర్చుకోరని దాని వాదం.

ఆ మధ్య మెదడువాపు వచ్చి, బావ హార్మ్ ప్రాణాలతో బయటపడ్డాడు గానీ జ్ఞాపకం పోయింది. నిమిషం కిందటి మాట గుర్తుండదు. పెళ్లాం మొహం ఆనవాలు పడతాడు, పేరు మాత్రం రాదు.

రోజూ పొద్దున కాఫీ దగ్గర అక్క తలా ఒక బిస్కెట్టు ఇచ్చి, డబ్బా మూత పెట్టేసి అడిగేది.

"నా పేరేంటి?"

"తెలీదే."

"తెలీదంటే కుదరదు. ఏదో ఒకటి చెప్పు."

మొదటిసారి బావ తడుముకుని, "వీప్కె?" అన్నాడు. వీప్కె దాని చెల్లెలినైన నా పేరు.

అక్క పగలబడి నవ్వింది. "బాగుంది వరస! కాదు, మళ్లీ ఆలోచించు."

మర్నాడూ వీప్కె అనే అన్నాడు. ఆ తర్వాతా అంతే. రానురాను తడుముకోవడం పోయి ధీమాగా చెప్పసాగాడు. అక్క నవ్వడం మానేసింది.

చికిత్సకి ఇంటికొచ్చే మారిత్ ఒకరోజు ఇది చూసి కప్పు కింద పెట్టేసింది.

"అయ్యో, ఇలా అడగకూడదండీ! మనం తప్పు చెబితే, తప్పని గుర్తుంటుంది కాబట్టి దిద్దుకుంటాం. ఈయనకి మీరు దిద్దింది గుర్తుండదు. నోటితో అన్నది మాత్రం అలవాటైపోతుంది. ముందే మీ పేరు చెప్పి, అదే అనిపించాల్సింది."

"అంటే నేనే నేర్పానా?"

"అవును," అంది మారిత్. మా వాళ్లు మొహమాటానికి కూడా అబద్ధమాడరు. ఆ ఒక్క పూట ఆడితే ఏం పోయేది!

అప్పటినుంచి అక్క పంతం వదిలేసింది. "రూల్ఫీనా అను," అంటే బుద్ధిగా అనేవాడు. అక్క వంటింట్లోకి వెళ్లగానే, "వీప్కె, కాస్త నీళ్లివ్వు!" అని దానికే కేక. ఎవరిని తిట్టను? ఆ ఇంటికి వెళ్లాలంటేనే నాకు ఏడుపొచ్చేది.

బావ పుట్టినరోజుకి అందరం గుండ్రంగా కూర్చున్నాం. కొత్తగా దిగిన పక్కింటాయన వరసగా చేతులు కలుపుతూ, పేర్లు తెలుసుకుంటూ వచ్చాడు. బావ లేచి అక్క భుజం మీద చెయ్యి వేశాడు. ఆ ప్రేమకేం లోటు లేదు.

"మా ఆవిడ, వీప్కె," అన్నాడు గర్వంగా.

ఎవరో దిద్దబోయారు. అక్క చూపుతోనే ఆపేసింది.

"అవునండీ, వీప్కెని," అంటూ ఆయనకి చెయ్యి అందించింది.

ఆయన, అక్క పక్క కుర్చీలో ఉన్న నావైపు తిరిగి చెయ్యి చాచాడు. గదిలో అందరూ నన్నే చూస్తున్నారు.

"ఆవిడ చెల్లెల్ని," అని ఊరుకున్నాను.