అముద రాని ఉదయాలు

పొద్దున మంజులమ్మ తలుపు తీసేసరికి ముందురోజు పారేసిన చెత్తలో సగం గడప ముందుకు తిరిగొచ్చి ఉండేది. పాల కవర్లు, షాంపూ పాకెట్లు, మూత పోయిన టిఫిను డబ్బా. అన్నీ ఎవరో కడిగి ఆరబెట్టినట్టు శుభ్రంగా ఉండేవి. ఆమె వాటిని చీపురుతో ఒక పక్కకు నెట్టి, నీళ్లు చల్లి, ముగ్గు పెట్టి, ఆ తర్వాత తీరిగ్గా ఏరి మళ్లీ బుట్టలో వేసేది. హోసూరు అంచున ఉన్న ఆ వార్డులో ఏ ఇంటి ముందు చూసినా ఇదే పని. ఎక్కడో ఒకచోట పనికొచ్చిన వస్తువు రాదు. ఎవరికీ పనికిరాక పడేసింది మాత్రం తెల్లారేలోగా సొంత గడప వెతుక్కుంటూ వచ్చేస్తుంది. పేపరు వేసే మనిషి వాటి మధ్య ఖాళీ చూసి పేపరు విసిరేవాడు. ఫ్యాక్టరీ బస్సుకు పరుగెత్తేవాళ్లు వాటిని దాటుకుని పోయేవాళ్లు.

ఆంధ్రా నుంచి ఉద్యోగానికి వచ్చి కొత్తగా అద్దెకు దిగినవాళ్లు మాత్రం మొదట్లో అడిగేవాళ్లు, "చెత్తబండి రాలేదాండీ?" అని.

"వచ్చినాదమ్మా. తీసుకొని పోయినాది. పనికి రాలేదేమో, మళ్లా వచ్చినాయి," అని మంజులమ్మ చెప్పేది. వాళ్లూ సరేనని తలుపు వేసుకునేవాళ్లు.

మునుపు ఇంత వచ్చేది కాదు. అప్పుడు వార్డులోనే రేకుల షెడ్డు ఒకటి ఉండేది. అముద, రంజిత, ఇంకా కొందరు ఆడవాళ్లు అక్కడ కూర్చుని సీసాలు సీసాల్లో, అట్టలు అట్టల్లో వేరు చేసి పాత సామాన్ల వ్యాపారులకు అమ్మేవాళ్లు. అముద అందరికన్నా మొండిది. చిరిగిన చెప్పు చేతికొచ్చినా, దానికి ఏదో ఒక పని చూపించేదాకా కింద పెట్టేది కాదు. ఆ రోజుల్లో గడప ముందుకు తిరిగొచ్చేది పగిలిన గాజుముక్కో, ఎండిపోయిన పెన్నో.

తర్వాత చుట్టుపక్కల ఊళ్లన్నీ కలిసి హరితబంధం అనే ఉమ్మడి సంస్థతో ఒప్పందం చేసుకున్నాయి. అన్ని ఊళ్ల చెత్తా ఆ సంస్థే తీసుకుపోయి రీసైక్లింగ్ చేస్తుంది. షెడ్లు మూతపడ్డ ఆడవాళ్లకు ఆ సంస్థ ఉపాధి విభాగమే పని చూపిస్తుంది. కౌన్సిలరుగా మంజులమ్మ కూడా చెయ్యెత్తి సమ్మతించింది. కెలమంగలం దగ్గర పట్టుపురుగులు పెంచే ఇంట్లో పుట్టిన మనిషి. రెక్కల కష్టం తెలుసు. మురికిలో కూర్చునే పని తప్పి, వీళ్లు ఫ్యాక్టరీలో యూనిఫారం వేసుకుంటారని నిజంగానే సంతోషించింది. వాళ్లను ఎక్కించుకోవడానికి వ్యాను వచ్చిన రోజున అందరి తలల్లో తనే కనకాంబరాలు పెట్టింది.

"అక్కా, ఈయప్పని చూస్తా ఉండు," అని అముద వ్యానులోంచి భర్తను చూపించింది.

భర్త కేశవప్ప ఒకప్పుడు లేతు మెషిను మీద పనిచేసేవాడు. కాలు నలిగిపోయాక ఇంటిముందు ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. అముద కృష్ణగిరిలో మామిడిగుజ్జు ఫ్యాక్టరీకి పోయిందని, ఆదివారం ఆదివారం ఫోను చేస్తోందని వేసవంతా చెప్పుకున్నాడు. కాయలు అయిపోయాక వేరే చోటికి మార్చినారన్నాడు. ఆ తర్వాత ఆమె ఫోను మోగడం మానేసింది.

అప్పటినుంచి కేశవప్ప తెల్లవారగానే తలుపు కొంచెంగా తెరిచి గడప వైపు చూసేవాడు. ఎవరికీ పనికిరాదని పారేసిన మనుషులు కూడా వస్తువుల్లాగే సొంత గడపకు వచ్చేస్తారు మరి. కవర్లూ డబ్బాలూ తప్ప ఏమీ లేకపోతే అతని మొహం విప్పారేది. కుంటుకుంటూ వచ్చి మంజులమ్మకు చెప్పేవాడు.

"ఈ పొద్దు కూడా రాలేదక్కా."

"యాడనో పనికొస్తా ఉందప్పా. రాకుంటేనే మంచిది," అనేది ఆమె.

అంటూనే ఉన్నా, రోజులు గడిచేకొద్దీ ఆ మాట మీద ఆమెకే నమ్మకం సడలసాగింది. పనికొస్తోందనే అనుకున్నా, ఒక్క ఫోనైనా చెయ్యదా మనిషి?

కృష్ణగిరిలో ఉమ్మడి సభ జరిగింది. అన్ని ఊళ్ల కౌన్సిలర్లూ వచ్చారు. హరితబంధం తరఫున జవాబులు చెప్పడానికి జనార్ధనరావు అనే అధికారి వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, తమిళం ఇంకా నోటికి పట్టలేదు. అందుకని మంజులమ్మ లేచి తెలుగులోనే అడిగింది.

"మా చెత్త యాడికి పోతా ఉండాదప్పా?"

"రీసైక్లింగ్ కేంద్రానికండీ. మొత్తం రీసైకిల్ చేస్తున్నాం."

"మొత్తం చేస్తే మా గడపలకి ఏంటికి వస్తా ఉండాది?"

"కొంత వెనక్కి రావడం మామూలేనండీ. తగ్గించే ప్రయత్నంలో ఉన్నాం."

ఎవరూ తలెత్తలేదు. అందరి గడపలూ అలాగే ఉన్నాయి.

"సరే, కవర్ల మాట ఉండనీ. మనుషుల మాట చెప్పు. మా వార్డు అముద యాడ ఉండాది? రంజిత యాడ ఉండాది?"

జనార్ధనరావు లాప్‌టాప్‌లో వెతికాడు. "ఇద్దరికీ ఉపాధి కల్పించామండీ. పనిలోనే ఉన్నారు."

"యాడ అని అడిగినాను."

"సీజన్ అయ్యాక వాళ్లను సబ్ కాంట్రాక్టరుకి అప్పగించాం. ఆ వివరాలు ఆయన దగ్గర..." ఆగి, అతను గొంతు తగ్గించాడు. అందులో వెటకారం లేదు, నిజంగానే ధైర్యం చెబుతున్నట్టుంది. "అమ్మా, వాళ్లు వెనక్కి రాలేదు కదా?"

"రాలేదు."

"మరింకేం. ఎక్కడో పనికొస్తున్నట్టే కదండీ."

సభంతా తలూపింది. పక్కన కూర్చున్న ముసలి కౌన్సిలరు వీరప్ప కూడా, "అది నిజమే కదమ్మా," అన్నాడు. అధ్యక్షుడు వీధిదీపాల విషయానికి వెళ్లిపోయాడు. మంజులమ్మ కూర్చుండిపోయింది. పొద్దున్నే కేశవప్పతో తను చెప్పే మాటనే ఆ మనిషి తనకు అప్పజెప్పాడు.

బస్టాండుకు నడుస్తుంటే జనార్ధనరావు వెనకనుంచి వచ్చాడు. "వాళ్లెక్కడున్నారో నిజంగా నాకూ తెలియదమ్మా. కనుక్కుంటాను," అని తన నంబరిచ్చాడు. హోసూరు దాకా బస్సులో ఆమె కిటికీలోంచి కొండలనే చూస్తూ కూర్చుంది. ఈ కొండల వెనక ఎక్కడో ఉంది ఆ పిల్ల, అనుకుంది.

వారం తిరక్కముందే ఒక తెల్లవారుజామున కేశవప్ప కేక వినిపించింది. మంజులమ్మ పరుగెత్తింది.

అముద తన గడప ముందు కవర్ల మధ్య కూర్చుని ఉంది. చీర ఉతికినట్టు తెల్లగా, తల దువ్వి, చేతులు శుభ్రంగా. తిరిగొచ్చే వస్తువులన్నీ ఎలా వస్తాయో అలాగే వచ్చింది. కానీ మనిషి సగమైంది. ఊపిరి తీస్తే ఛాతీలో గులకరాళ్లు దొర్లిన చప్పుడు.

చుట్టుపక్కలవాళ్లు తలుపులు తీసి చూసి, చూడనట్టు లోపలికి తప్పుకున్నారు. ఒక మనిషి అలా తిరిగి రావడమంటే ఏమిటో అందరికీ తెలుసు. ఆ ఇంటివాళ్లను ఆ సమయంలో చూడటం మర్యాద కాదు.

కేశవప్ప ఆమె పాదాల దగ్గర కూలబడ్డాడు. "ఎవురికీ పనికి రాకుండా పోయినావా అముదా? నిన్ను పారేసినారా?" అని పసివాడిలా ఏడ్చాడు.

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏదో చెప్పబోతే దగ్గు ముంచేసింది. దగ్గు ఆగాక భర్త తల మీద చెయ్యి పెట్టుకుని, మంజులమ్మ వైపు తిరిగి ఒక్కో మాటా కూడగట్టుకుంది.

"అక్కా... కొండెనక. మూసేసిన ఇటుకల బట్టీ పక్కన. గేటుకి బీగం... రంజిత ఆడనే ఉండాది. అందరూ ఆడనే ఉండారు. బిన్నే పో."

ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయేటప్పుడు కూడా, తొందరగా పొమ్మని అదే మాట. ఊపిరితిత్తులు పొగతో నిండిపోయాయని డాక్టరు చెప్పింది. ముక్కుకు ఆక్సిజన్ గొట్టం పెట్టారు. మంజులమ్మ వరండాలో నిలబడి జనార్ధనరావుకు ఫోను చేసింది.

"అముద వచ్చినాది," అంది. ఆమె చెప్పిన బట్టీ గుర్తులు కూడా చెప్పింది.

"బయల్దేరుతున్నానమ్మా," అన్నాడతను.

అతను పోలీసులను వెంటబెట్టుకుని కృష్ణగిరిలో కలుసుకున్నాడు. వీరప్ప కూడా వచ్చాడు. సభలో తలూపినందుకో ఏమో, అందరికన్నా ముందు నడిచాడు. కొండ వెనక బట్టీ కనిపించకముందే వాసన వచ్చింది. అన్ని ఊళ్ల చెత్తా అక్కడే ఉంది. రీసైక్లింగ్ కేంద్రమంటే ఆ గోడల మధ్య గుట్టలూ, వాటిని కరిగించే రెండు పాత యంత్రాలూ. గుట్టల అంచులు నిప్పంటుకుని రగులుతున్నాయి. ఆ పొగలో ముక్కుకు గుడ్డలు కట్టుకుని ఆడవాళ్లు ఏరుతున్నారు. బీగం పగలగొట్టిన చప్పుడుకు కూడా వాళ్లు చేతులు ఆపలేదు. "రంజితా," అని మంజులమ్మ పిలిచాక, ఒక ఆకారం మెల్లగా నడుము ఎత్తి, మొహం మీది గుడ్డ తీసింది.

జనార్ధనరావు ఆమె చేతిలోని బుట్ట తీసుకుని కింద పెట్టాడు.

ఆ సాయంత్రమే ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది. అముద పోయింది. చివరిదాకా కేశవప్ప చెయ్యి పట్టుకునే ఉందట. "ఆడికి పోయినారా? అక్క పోయినాదా?" అని అడుగుతూనే ఉందట. పోయినారు అని నర్సు చెప్పాక కళ్లు మూసుకుందట.

సబ్ కాంట్రాక్టరు మీద కేసు నడిచింది. ఒప్పందం రద్దయింది. జనార్ధనరావు తనకు తెలిసినదంతా రాసిచ్చి ఉద్యోగం మానుకున్నాడు. ఆడవాళ్లను కొన్నాళ్లు కృష్ణగిరి ఆస్పత్రిలో ఉంచి మందులిచ్చి, అందరూ కోలుకున్నాక ఇళ్లకు పంపారు. వాళ్లు వచ్చే రోజున మంజులమ్మ హోసూరు బస్టాండులో నిలబడింది. కేశవప్ప కూడా వచ్చాడు. వద్దన్నా వినలేదు.

బస్సు ఆగింది. ఒక్కొక్కరే మెట్లు దిగుతుంటే ఇంటివాళ్లు చేతులందించి దింపుకున్నారు. రంజిత దిగి, ఎదురుగా కేశవప్పను చూసి ఆగిపోయింది. తల దించుకుంది.

"బాగుండావా అమ్మా?" అన్నాడతను.

"అన్నా, నీకు చెప్పల్ల," అంది రంజిత. "అముదక్క పనికి రాకుండా పోలేదు. మా అందర్లోకీ బాగా చేసేది ఆయక్కే. అందుకే ఎన్నాళ్లైనా పారెయ్యలేదు. ఒక పొద్దు మాతో చెప్పినాది, 'వీళ్లు పారేస్తేనే కదే ఇంటికి పోయేది. నేను పోతా. పోయి అక్కకి చెప్తా' అని. ఆపొద్దు నుంచి చెయ్యి కదిలించలేదన్నా. కొట్టినారు. కూడు పెట్టలేదు. పొగ దగ్గరనే పడేసినారు. మేమంతా ఏడ్చి అడిగినాము, లేచి ఒక్క బుట్టన్నా ఎత్తక్కా అని. నవ్వినాది. ఎత్తలేదు."

మంజులమ్మ పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. కేశవప్ప కదలకుండా విన్నాడు. అముద పాదాల దగ్గర కూర్చుని తను అడిగిన మాట, అందుకు ఆమె తల అడ్డంగా ఊపడం, తన తల మీద ఆమె చెయ్యి, అన్నీ అప్పుడు అతనికి చేరాయి. ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాసిన చేత్తో మొహం తుడుచుకున్నాడు.

రంజిత చేతిలోని సంచి అందుకున్నాడు. అందుకున్నాడే గానీ అడుగు వెయ్యలేదు, బస్సు తలుపు వైపే చూస్తూ నిలబడ్డాడు. దిగేవాళ్లు అయిపోయారు. కండక్టరు మెట్టు మీద నిలబడి తమిళంలో అడిగాడు, ఇంకా ఎవరైనా దిగాలా అని.

"లేదప్పా," అన్నాడు కేశవప్ప. "అందరూ వచ్చేసినారు."